మూతిగుడ్డలు విప్పిన మధ్యాహ్నము



మహామారులు వచ్చుటను గూర్చి మన పూర్వులు శ్రద్ధతో విచారించిరి. చరకసంహిత విమానస్థానమున జనపదోద్ధ్వంసనీయమను అధ్యాయమొకటి కలదు. పాంచాలదేశమున కాంపిల్యపురము చెంత, గంగాతీరవనమున, వేసవి కడపటి దినములలో పునర్వసువగు ఆత్రేయుడు శిష్యులతో సంచరించుచుండెను. గాలియు, నీరును, దేశమును, కాలమును చెడనున్న లక్షణములు కానవచ్చుచున్నవనియు, భూమి రసహీనము కాకమునుపే ఓషధులను సేకరించి యుంచవలసినదనియు అగ్నివేశుని హెచ్చరించెను. వేర్వేఱు ప్రకృతులును, వేర్వేఱు ఆహారములును, వేర్వేఱు వయస్సులును గల జనులందఱును ఒక్కమాఱే ఒక్క వ్యాధిచేత ఏల నశింతురని శిష్యుడు ప్రశ్నించెను. ప్రశ్న గొప్పది. సమాధానమును గొప్పదియే. కాని వ్యాధి తగ్గుముఖము పట్టినప్పుడు మూసిన తలుపులు ఎప్పుడు తీయవలెను, తీయునప్పుడు జనులతో ఏమి చెప్పవలెను అను విచారము అచ్చట లేదు. తలుపులు మూయించు అధికారియు తెఱపించు అధికారియు ఆ కాలమున లేకుండుటయే కారణము కాబోలు.

ఈ విచారము నాకు గ్రంథములవలన కలిగినది కాదు. ఒక తాళపుచెవుల గుత్తివలన కలిగినది. 2020వ సంవత్సరము మార్చి 22వ తేదీని జనతా కర్ఫ్యూ జరిగినదియు, 25వ తేదీనుండి దేశమంతట లాక్‌డౌను విధింపబడినదియు మీకు జ్ఞప్తియందుండును. మా ఆంధ్రప్రదేశమున నవంబరు 2వ తేదీని, తొమ్మిదవ తరగతి మొదలు పైతరగతులవారికి ముందుగా బడులు తెఱచిరి. అది నా కొలువున కడపటి సంవత్సరము. గోదావరి తీరపు పల్లెయందలి ఉన్నతపాఠశాలలో నేను తెలుగు పండితుడను. ప్రధానోపాధ్యాయులు ఉత్తరువుల కాగితమును నా చేతికిచ్చి, అందఱకును తెలియునట్లు పలకపై వ్రాసి గుమ్మమున పెట్టుమనిరి. నేను వ్రాసితిని. విద్యార్థులు పరస్పరము షట్పాదమిత దూరమును పాటింపవలయునని వ్రాసితిని. షట్పాదమనగా తుమ్మెద యని నేనే వారికి పద్యములలో నేర్పియుంటిని. తుమ్మెదంత దూరమట యని పిల్లలు మూతిగుడ్డల వెనుక నవ్వుకొనిరి. మధ్యాహ్నభోజనము వండెడి యామె ఈ పలకవైపు చూడనేలేదు. ఒక తట్టెడు ముగ్గుపిండి తెచ్చి, గుమ్మము మొదలు కుళాయివఱకు ఆరేసి యడుగులకు ఒక్కొక్క గుండ్రము గీసెను. పిల్లలు పోయి వానిలో నిలుచుండిరి. నలువదియేండ్లు భాష చెప్పినవాడు చెప్పలేనిదానిని ఆమె పిడికెడు ముగ్గుతో చెప్పినది.

సామాజిక దూరమను మాటను గూర్చియు ఆ దినములలో వాదము జరిగినది. మనదేశమున ఆ మాట విన్నవారికి ఊరి వెలుపలి వాడలును, ఎత్తిపోసిన నీళ్లును, చేదుకోనీయని బావులును జ్ఞప్తికి రాక మానవు. భౌతిక దూరమనుటయే మేలని పలువురు పట్టుబట్టిరి. ప్రపంచారోగ్యసంస్థవారు సహితము 2020 మార్చి నెలలోనే ఆ రెండవ మాటకు మాఱిరి. ఇట్టి పట్టుదలను పండితుల చాదస్తమని త్రోసివేయరాదు. ప్రాణభయమున నున్నవాడు వినెడి మాట లోతుగా నాటుకొనును.

ఆ నవంబరు 2వ తేదీ ఉదయముననే తొమ్మిదవ తరగతి చదువు మనుమని చేయి పట్టుకొని ఒక వృద్ధరైతు గుమ్మమువద్దకు వచ్చెను. తలపాగ అంచునే మూతికి అడ్డముగా చుట్టుకొనియుండెను. “పంతులుగారూ, రోగం పోయినట్టేనాండీ?” అని అడిగెను. “పోయినట్టేనండీ, భయపడకండి” అంటిని. ఆయన తలపాగ విప్పి భుజమున వేసికొని, నవ్వుచు వెడలిపోయెను. ఆ ప్రత్యుత్తరమును గూర్చి మరల ముచ్చటించెదను. అంతకుముందు మిమ్ములను దూరదేశమందలి ఒక నగరమునకు కొనిపోవలెను.

1918వ సంవత్సరము నవంబరు 21వ తేది. అమెరికా పడమటి తీరమున సాన్‌ఫ్రాన్సిస్కో నగరము. మిట్టమధ్యాహ్నము పండ్రెండు గంటలకు నగరమంతట కూతలు మ్రోగెను. అది ముందుగా చాటిన సంకేతము. వినుటతోడనే వీథులలోని జనులు, నాలుగు వారములుగా తమ ముఖములను కప్పియున్న గాజుగుడ్డ ముసుగులను ఊడబెఱికి గాలిలోనికి విసరిరి. కాలిబాటలపై ఆ గుడ్డలు రాలిన పూలవలె పడియుండెను. మహామారిపై విజయమును ఇంత స్పష్టముగా, గడియారము చూచి చాటిన నగరము మఱియొకటి అరుదు.

ఆ వ్యాధి ఇన్‌ఫ్లుయెంజా. దానిని స్పానిష్ జ్వరమనిరి గాని అది స్పెయినున పుట్టినదని చెప్పుటకు ఆధారము లేదు. ప్రథమ ప్రపంచయుద్ధమున పోరాడు దేశములు తమ సేనలలోని వ్యాధిని పత్రికలలో రానీయలేదు. స్పెయిను తటస్థ దేశమగుటచే అచ్చటి పత్రికలు తమ రాజగు అల్ఫాన్సో జ్వరపడుటతో సహా సర్వమును ప్రకటించినవి. దాచినవారు పేరు తప్పించుకొనిరి. చెప్పినవారి నెత్తిన పేరు పడినది. మహామారుల చరిత్రలో నిజము చెప్పినందులకు లభించిన బహుమానమిది.

సాన్‌ఫ్రాన్సిస్కో ఆరోగ్యాధికారి డాక్టరు విలియం హాస్లరు. మేయరు జేమ్స్ రాల్ఫు. 1918 అక్టోబరు నడుమ రోగులు వేలకు పెరుగగా వారు నాటకశాలలను, నృత్యశాలలను, బడులను మూయించిరి. ప్రార్థనలు ఆరుబయట జరిగెను. న్యాయస్థానములు సహితము ఆరుబయట కూర్చుండెను. ఆ నెల చివరివారమున మూతిగుడ్డ కట్టుట నిర్బంధము చేసిరి. రెడ్‌క్రాస్ సంఘమువారు ఒక్కొక్క గుడ్డను పది సెంట్లకు అమ్మిరి. కట్టనివారిని పోలీసులు పట్టుకొని, శాంతిభంగమను నేరముక్రింద జుల్మానా వేయించిరి. కొందఱకు కారాగృహమును ప్రాప్తించెను.

ఆ నగరపు ప్రకటనలలో రెండు మాటలవద్ద నేను ఆగుదును. భాషాపండితుని దృష్టి మాటలపైననే కదా.

మొదటిది తిట్టు. యుద్ధసేవను తప్పించుకొని తిరుగువానిని ఆ దినములలో అమెరికనులు స్లాకరని నిందించుచుండిరి. మూతిగుడ్డ కట్టనివానిని రెడ్‌క్రాస్ ప్రకటన ఆ పేరుతోనే పిలిచెను. ఆ యెత్తు వెంటనే ఫలించినది; నగరజనులలో హెచ్చుమంది గుడ్డలు కట్టిరి. కాని దేశభక్తితో ముడివైచిన గుడ్డ దేశభక్తి వేడి ఉన్నంతకాలమే నిలుచును. నవంబరు 11వ తేదీని యుద్ధము ముగిసెను. ఆ రాత్రి వేలకొలది జనులు మూతిగుడ్డలతోనే వీథులలో ఆడిపాడిరట. యుద్ధము పోయిన పిదప స్లాకరను మాటకు వాడి యెక్కడిది? సంధిపత్రముపై వ్యాధిక్రిమి సంతకము చేయలేదు గదా.

రెండవది అంకె. గాజుగుడ్డ ముసుగు నూటికి తొంబదితొమ్మిది పాళ్లు రక్ష యని ఆ ప్రకటనయే చెప్పినది. ఆ కాలపు ముసుగు పలుచని జాలిగుడ్డ. పలువురు దానిని గడ్డము క్రిందికి దించి చుట్ట కాల్చుచుండిరి. నిర్బంధముగా అట్టి గుడ్డలు కట్టించిన ఊళ్లకును కట్టింపని ఊళ్లకును చెప్పదగిన భేదము కానరాలేదని పిమ్మట కాలిఫోర్నియా ఆరోగ్యశాఖవారే తేల్చిరి. నేడు వైద్యులు వాడు ముసుగులు వేఱు, వాని నేత వేఱు. ఆ గుడ్డ కథను వీనికి అంటగట్టరాదు. నేను చెప్పునది గుడ్డ సంగతి కాదు, అంకె సంగతి. కొంత మేలు చేయును, చేతులు కడుగుకొనుడు, గుంపులలోనికి పోకుడు, దానితోబాటు ఇదియు కట్టుడు అని చెప్పినయెడల జనులు ఎన్నాళ్లయినను నమ్మియుందురు. తొంబదితొమ్మిది యనుటచే, రోగులు తగ్గినంతకాలము కీర్తియంతయు గుడ్డకే వచ్చెను. రోగులు పెరిగిన దినమున అపకీర్తియు దానికే రాసాగెను.

ఇంతలో ఒక వేడుక జరిగెను. నిర్బంధము ఇంకను అమలులో నుండగనే మేయరు రాల్ఫును, డాక్టరు హాస్లరును, మఱికొందఱు పెద్దలును ముష్టియుద్ధపు పోటీ చూడబోయిరి. ఫోటో తీసినవాడు వారిని మూతిగుడ్డలు లేకుండ పట్టివేసెను. మేయరునకు 50 డాలరులును ఆరోగ్యాధికారికి 5 డాలరులును జుల్మానా పడెను. వారు చెల్లించిరి. చెల్లించుట గౌరవమే. అయినను తాను వ్రాసిన పలకను తానే చదువని పంతులును పిల్లలు ఎట్లు చూతురో నాకు తెలియును.

నవంబరు 16వ తేదీని నాటకశాలలు తెఱచిరి. 21వ తేదీని గుడ్డలు విప్పిరి. 25వ తేదీని బడులు తెఱచిరి. పది దినములలో సర్వమును తెఱువబడినది. ఒక తలుపు తెఱచి, రెండు మూడు వారములు వేచి, ఏమగునో చూచి, వేఱొక తలుపు తెఱచుట జరుగలేదు. నేడు అణువులెఱిగిన వైద్యులు చెప్పునది ఈ వేచియుండుటను గూర్చియే. నేడు సోకినవాడు జ్వరపడుటకు కొన్ని దినములు, ఆతనివలన సోకినవారు జ్వరపడుటకు మఱికొన్ని దినములు, ఆసుపత్రికి చేరుటకు ఇంకను కొన్ని దినములు పట్టును గదా. అన్ని తలుపులును ఒక్క పక్షములో తెఱచినవానికి, వ్యాధి ఏ తలుపున లోనికి వచ్చినదో తెలియుట యెట్లు?

డిసెంబరు మొదటివారమున రోగులు మరల పెరిగిరి. మేయరు మరల గుడ్డలు కట్టుకొనుడని 7వ తేదీని కోరెను. ఈమాఱు ఆజ్ఞ కాదు, విన్నపము. కూతలు మ్రోయించి విప్పించిన గుడ్డను విన్నపముతో కట్టించుట సాధ్యమా? క్రిస్మసు బేరములు పోవునని వర్తకులు అడ్డుపడిరి. హాస్లరు కార్యాలయమునకు ఎవ్వరో ప్రేలుడు పొట్లమును సహితము పంపిరి. దైవవశమున అది ప్రేలలేదు. నిర్బంధపు ప్రతిపాదనను నగరసభ ఆ నెలలో త్రోసిపుచ్చెను. 1919 జనవరి 10వ తేదీనాడు ఒక్కదినముననే సుమారు 600 క్రొత్త రోగులు లెక్కకు రాగా, 17వ తేదీనుండి నిర్బంధము మరల వచ్చెను. అంతట మూతిగుడ్డల వ్యతిరేకసంఘమని ఒకటి వెలసెను. జనవరి 25వ తేదీని డ్రీమ్‌లాండ్ అను శాలలో వారు జరిపిన సభకు రెండువేలమంది వచ్చిరట. వారందఱును మూర్ఖులని నేననను. తమకు ఒకమాఱు అయిపోయినదని చెప్పినవారే మరల కాలేదని చెప్పుచుండగా, దేనిని నమ్మవలెనని వారు అడిగిరి. ఫిబ్రవరి 1వ తేదీని ఆ నిర్బంధమును ఎత్తివేసిరి. ఈమాఱు విసరుటకు ఎవ్వరికిని ఉత్సాహము లేదు. ఆ శరత్తునందును చలికాలమునందును ఆ నగరమున మూడువేలకు పైబడి జనులు గతించిరి.

ఇతర నగరములు ఇంతకంటె బాగుగా నడచినవా? ఫిలడెల్ఫియా మిక్కిలి చెడుగా నడచెను. అచ్చటి అధికారి విల్మరు క్రూసెను భయపడనక్కఱ లేదనుచు, 1918 సెప్టెంబరు 28వ తేదీని యుద్ధఋణపు ఊరేగింపును జరుగనిచ్చెను. సుమారు రెండు లక్షలమంది వీథులలో క్రిక్కిఱిసిరి. అక్టోబరు 3వ తేదీకి సర్వమును మూయవలసివచ్చెను. అప్పటికే ఆసుపత్రులు నిండిపోయినవి. సెయింటు లూయీ నగరపు అధికారి మాక్స్ స్టార్క్లాఫు, వ్యాధి ఊరిలో అడుగిడిన కొలది దినములకే, అక్టోబరు 7వ తేదీని వర్తకుల యేడ్పును లెక్కింపక మూయించెను. నవంబరు నడుమ ఆయనయు తొందరపడి తెఱచినవాడే. వ్యాధి మరల లేచినది. కాని ఆయన నెలన్నర తాత్సారము చేయలేదు, ఆ నవంబరు చివరనే పిల్లలను బడులనుండి ఇండ్లకు పంపివైచెను. 2007వ సంవత్సరమున నలువదిమూడు అమెరికా నగరముల లెక్కలు తీసి విద్వాంసులు ప్రకటించిన దానిని బట్టి, లక్ష జనులకు అదనపు మరణములు సెయింటు లూయీలో 358, సాన్‌ఫ్రాన్సిస్కోలో 673, ఫిలడెల్ఫియాలో 748. తెఱచుటలో తప్పు చేయనివారు లేరు. తప్పును తప్పని ఒప్పుకొనుటకు పట్టిన దినములలోనే భేదము.

మన దేశపు కథ వేఱు. ఇచ్చట తెఱచుటను గూర్చి వాదమే లేదు, మూసినది లేదు గనుక. 1918 జూను నెలలో బొంబాయి రేవున మొదట పోలీసు బంట్రోతులు జ్వరపడిరి. సెప్టెంబరున వ్యాధి ఉగ్రరూపముతో తిరిగివచ్చెను. అక్టోబరు 6వ తేదీని ఆ ఒక్క నగరమున 768 మరణములు నమోదైనవి. రైలుబండ్లు వ్యాధిని మోసికొనిపోయి ఊరూరను దించెను. ఆ యేడే వానలు తప్పెను, ధాన్యము ప్రియమయ్యెను. పుణ్యపురమున 1897లో ప్లేగు తనిఖీకి సోల్జర్లను ఇండ్లలోనికి తోలి ప్రభుత్వమువారు జనుల విశ్వాసమును అప్పుడే పోగొట్టుకొనియుండిరి. ఇప్పుడు బలాత్కారము చేయ వెఱచిరి. ఒప్పించు విద్య వారు నేర్చుకొనియుండలేదు. ఆరుబయట పరుండుడు, పర్మాంగనేటు కలిపిన నీటితో పుక్కిలింపుడు అని కరపత్రములు అచ్చొత్తించిరి. 1921 జనాభా లెక్కలలో మన దేశమున చదువ నేర్చినవారు నూటికి ఏడుగురు. ఆ కరపత్రము తొంబదిముగ్గురకు షట్పాదమే గదా.

ఎంతమంది పోయిరో చెప్పుట కష్టము. అప్పటి ప్రభుత్వపు అంచనా కోటి యిరువది లక్షలకు పైమాటయే. తరువాతి పండితులలో కొందఱు కోటి యెనుబది లక్షల దాకను పోయిరి. చెన్నపురి రాజధానికంటె బొంబాయి రాజధాని హెచ్చుగా దెబ్బతిన్నది. బొంబాయిని ఆనుకొనియున్న నైజాము రాజ్యపు లెక్క చూడుడు. 1911లో హైదరాబాదు సంస్థానపు జనసంఖ్య 1,33,74,676, 1921లో 1,24,71,770. పదియేండ్లలో పెరుగవలసిన జనము తొమ్మిది లక్షలు తఱిగెను. కఱవులకును ప్లేగునకును అందు పాలు గలదు. జ్వరమునకు గల పాలు స్వల్పము కాదు. ఆ తొమ్మిది లక్షలలో తెలుగువారెందఱో. వారికి ఎవ్వరును ఏమియు చెప్పలేదు. పల్లెలలో దండోరా వేయు డప్పుండెను, సంతలుండెను, హరికథకులుండిరి, బుఱ్ఱకథలవారుండిరి. కరపత్రము వ్రాసిన దొరలకు డప్పు వినబడలేదు.

ఇక నా ప్రత్యుత్తరము సంగతి.

నవంబరు 2వ తేదీనాడు నాకు తెలిసినదేమి? రోగులు తగ్గుచున్నారని పత్రికలలో చదివియుంటిని. వ్యాధి పోలేదని ఎఱుగుదును. మందు ఇంకను చేతికి రాలేదనియు ఎఱుగుదును. “తగ్గిందండీ, పోలేదు. మళ్లీ రావచ్చు. వస్తే బడి మళ్లీ మూస్తాం. ఆ తలపాగా అలాగే కట్టుకోండి” అనుటకు పండిత పరీక్షలు అక్కఱలేదు. అట్లనక పోవుటకు కారణము వెదకి చూచుకొంటిని. ఎనిమిది నెలలు శూన్యమైన తరగతులలో పిల్లల కంఠములు వినవలెనని నా కాపేక్ష. నిజము చెప్పినయెడల మనుమని వెనుకకు కొనిపోవునేమో యని భయము. ఆయన ధైర్యము అడిగెనని యనుకొంటిని, అడిగినది సమాచారము. సాన్‌ఫ్రాన్సిస్కో మేయరు నగరమంతకు కూతలు మ్రోయించెను. నేను ఒక్కనికి మ్రోయించితిని.

2021 ఏప్రిలు, మే నెలలలో రెండవమాఱు వ్యాధి వచ్చినప్పుడు ఏమి జరిగినదో ఈ మాటలు వినువారిలో ప్రతి యింటివారికిని తెలియును. ఏప్రిలు 20వ తేదీనుండి మా బడి క్రిందితరగతులకు మరల మూతపడెను. ఆ వృద్ధుని యింట నలుగురు జ్వరపడిరి, ముగ్గురు లేచిరి. వ్యాధి బడినుండి ఆ యింటికి పోయినదని చెప్పుటకు ఆధారము లేదు. సంతనుండియో పెండ్లినుండియో పోయియుండవచ్చును. నా మాటవలననే ఆయన తలపాగ విప్పినాడనుటయు అతిశయోక్తియే కావచ్చును, ఆఱు నెలల కాలము నడుమ నున్నది. ఈ తర్కమంతయు నేను పలుమాఱులు చేసితిని. శాస్త్రముగా లోపము లేదు. అయినను ఆ దినము మొదలు ఎవ్వరేని నన్నొక సంగతి అడిగినప్పుడు, నాకు తెలిసినంత చెప్పి, తెలియని చోట ఆగుట అలవాటు చేసికొంటిని. అందుచే సభలవారు నన్ను మునుపటివలె పిలుచుట లేదు.

నేను కొలువునుండి విరమించిన పిమ్మట ఒకనాడు బస్సుకొఱకు నిలిచియుండగా ఆ మనుమడు కనబడెను. నాకంటె జానెడు పొడవు పెరిగినాడు, మీసము వచ్చినది. వంగి నా పాదములంటి, కుశలమడిగి, కాలేజీ సంగతులు చెప్పెను. షట్పాదము సంగతి జ్ఞప్తికి తెచ్చి నవ్వించెను. నేనును నవ్వితిని. బస్సు వచ్చువఱకు ఇరువురము అట్లే మాటలాడుచుంటిమి. తాతగారి ప్రసక్తి అతడు తేలేదు. నేనును తేలేదు.